బరువు తగ్గే సర్జరీకి వెళ్తున్నారా? పొట్ట కంటే ముందు మనసును, ఇంటిని సిద్ధం చేసుకోండి!

బరువు తగ్గించే సర్జరీ.. డాక్టర్ల భాషలో బేరియాట్రిక్ సర్జరీ. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ చేయించుకున్నప్పుడు ఇది దేశమంతా పెద్ద వార్త. ఇప్పుడు రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం.. ఎక్కడైనా సరే, షుగరు, మోకాళ్ల నొప్పులతో విసిగిపోయిన వాళ్ల ఇళ్లలో ఈ మాట చర్చకు వస్తోంది.

ఆపరేషన్ సాధారణంగా గంట, రెండు గంటల్లో అయిపోతుంది. అన్నీ బాగుంటే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అసలు పరీక్ష ఇంటికొచ్చాకే! "ఆయ్, ఇంకొక్క గరిటండీ" అంటూ బతిమాలి వడ్డించే గోదావరి జిల్లాల్లో, చిన్న గిన్నెడు తిండితో లేచి చెయ్యి కడుక్కోవడం అంత తేలిక కాదు. అందుకే సర్జరీకి డేట్ తీసుకునే ముందే మనసును, వంటింటిని, ఇంట్లో వాళ్లను సిద్ధం చేసుకోవాలి. అదెలాగో ఇప్పుడు చూద్దాం.

మన దగ్గర సమస్య ఎంత?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. మగవాళ్లలో ఇది 31.1 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు అనుకోవచ్చు. అయితే వీళ్లందరికీ సర్జరీ అక్కర్లేదు.

లైపోసక్షన్ వేరు.. ఇది వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. తెలుగు హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అప్పటి నుంచి "బరువు ఆపరేషన్" అనగానే భయపడేవాళ్లు ఉన్నారు. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును పీల్చి తీసేయడం. అది ఆకారం కోసం చేసేది, ఊబకాయానికి చికిత్స కాదు.

బేరియాట్రిక్‌లో పొట్టకే మార్పు చేస్తారు. ఎక్కువగా చేసేవి రెండు రకాలు.

- స్లీవ్: జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు కోసి తీసేస్తారు. అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలాంటి భాగం మిగులుతుంది. తీసేసింది మళ్లీ పెట్టడం కుదరదు.
- బైపాస్: జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిలాంటిది చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది కొంత దూరం పేగును దాటేసి వెళ్తుంది. షుగరు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు దీన్ని సూచించే అవకాశం ఉంది.

రెండింటిలోనూ ఆకలి, షుగరును నడిపించే హార్మోన్లు కూడా మారతాయి. అందుకే కొందరికి బరువు తగ్గకముందే షుగరు లెవల్స్ దిగిపోతాయి.

ఎవరికి అవసరం?

దీనికి కొలమానం బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 83 కిలోలుంటే బీఎంఐ సుమారు 32.5. అదే 96 కిలోలుంటే 37.5. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం వంటి జబ్బులుంటే 32.5 నుంచి, ఏ జబ్బూ లేకపోతే 37.5 నుంచి సర్జరీ గురించి ఆలోచించడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియా వాసులకు 27.5 దాటినా సర్జరీ సూచించవచ్చని చెప్పాయి.

ఇంకో మాట. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. బరువు తగ్గించే ఈ ఇంజెక్షన్లు మీకు సరిపోతాయా, సర్జరీయే మేలా అన్నది డాక్టర్‌ను సూటిగా అడగండి. అడగడం మీ హక్కు.

ముందు మనసుతో మాట్లాడుకోండి

"ఎందుకు చేయించుకుంటున్నాను?" ఈ ప్రశ్నకు మీ దగ్గర సొంత జవాబు ఉండాలి. మోకాళ్లు నొప్పి లేకుండా మెట్లెక్కాలి, ఇన్సులిన్ తగ్గాలి, రాత్రి హాయిగా నిద్రపట్టాలి.. ఇవి నిలబడే కారణాలు. "సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి సన్నబడాలి" అని పెద్దవాళ్లు ఒత్తిడి చేస్తే మాత్రం ఆగి ఆలోచించండి. జీవితాంతం విటమిన్ బిళ్లలు వేసుకోవాల్సింది, కొలత ప్రకారం తినాల్సింది ఆ అమ్మాయే. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు కాదు.

ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో కూడా తెలియాలి. సాధారణంగా ఏడాది, రెండేళ్లలో మొత్తం బరువులో పావు వంతు నుంచి 30 శాతం వరకు తగ్గుతారు. అంటే 100 కిలోల మనిషి 70-75 కిలోల దగ్గర నిలబడొచ్చు. పెళ్లినాటి ఫొటోలో ఉన్నట్టు అవుతామనుకుంటే నిరాశే. చర్మం వేలాడొచ్చు. మూడో నెల నుంచి జుట్టు రాలొచ్చు, చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. జాగ్రత్తలు మానేస్తే తగ్గిన బరువు కొంత వెనక్కి వస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది.. మనసు ఆకలి! బాధొస్తే తింటాం, విసుగొస్తే తింటాం, పిల్లలు ఫోన్ చేయకపోతే తింటాం. సర్జరీ పొట్ట ఆకలిని తగ్గిస్తుంది కానీ ఆ బాధను తీసేయదు. తినడం ఒక్కటే ఓదార్పుగా బతికినవాళ్లకు అది చేజారిపోతే ఒక్కసారిగా ఏదో వెలితి. కొందరు మందు వైపు మళ్లే ప్రమాదమూ ఉంది. ముఖ్యంగా బైపాస్ తర్వాత మందు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది.

అందుకే ముందే ఒక వారం రోజులు చిన్న పుస్తకంలో రాయండి. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, అప్పుడు నిజంగా ఆకలేసిందా లేక మనసు బాగోలేదా? ఆ పుస్తకం పట్టుకుని కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. "నాకేమైనా పిచ్చా?" అనుకోవద్దు. సర్జరీకి ముందు మానసిక నిపుణుల సలహా తీసుకోవడం చికిత్సలో భాగమే. ఆపరేషన్ తర్వాత దిగులు, ఏడుపు, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే దాచుకోవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

మర్యాద ఎక్కువైతేనే కష్టం

గోదావరి జిల్లాల్లో తినకపోతే పెట్టినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. సంక్రాంతికి కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించిన వీడియోలు ఏటా మనం చూస్తూనే ఉంటాం. సర్జరీ అయిన అల్లుడి పరిస్థితి ఏంటి మరి? ఒక్క ముద్ద ఎక్కువైతే ఛాతీలో పట్టేసినట్టు ఉండి వాంతి అవుతుంది.

కాబట్టి అత్తగారు, వదిన, తోడికోడలు.. వంటింట్లో ఎవరుంటే వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడండి. "అత్తయ్యా, నేను తక్కువ తింటే మీ వంట నచ్చక కాదు. డాక్టర్ గారు అంతే తినమన్నారు" అని చెప్పేయండి. భార్యో, భర్తో ఒక్కసారైనా డైటీషియన్ దగ్గరకు మీతో రావాలి. అందరికీ సర్జరీ సంగతి చెప్పాలని లేదు. కానీ ఇంట్లో కనీసం ఇద్దరికి పూర్తిగా తెలియాలి. బయటివాళ్లు అడిగితే "కడుపు ఆపరేషన్ అయింది, తక్కువ తినాలి" అంటే చాలు.

నెల రోజుల ముందు నుంచే..

- సిగరెట్, చుట్ట, బీడీ కనీసం ఆరు వారాల ముందే మానేయండి. లేకపోతే పుండు మానదు, ఊపిరితిత్తులు ఇబ్బంది పడతాయి.
- రక్త పరీక్షలు, థైరాయిడ్, బీ12, ఐరన్, గుండె, కడుపు స్కానింగ్, ఎండోస్కోపీ వంటివి చేయిస్తారు. గురక బాగా ఉంటే నిద్ర పరీక్ష కూడా రాస్తారు.
- సుమారు రెండు వారాల ముందు నుంచి తక్కువ క్యాలరీల తిండి ఇస్తారు. దీంతో లివర్ కుంచించుకుని సర్జన్‌కు పని సులువవుతుంది. "ఎలాగూ ఇకపై తినలేం కదా" అని ఆ రోజుల్లోనే బిర్యానీలు లాగించొద్దు.
- ఇప్పటి నుంచే మెల్లగా నమిలి తినడం, తిండికీ నీళ్లకూ అరగంట తేడా ఉంచడం అలవాటు చేసుకోండి.
- షుగరు, బీపీ, రక్తం పలచబడే మందుల్లో మార్పు డాక్టరే చేయాలి. సర్జరీ అయ్యాక పాత డోసు ఇన్సులిన్ వేసుకుంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది.
- మహిళలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. వేరే పద్ధతి అడగండి.

డేట్ ఎప్పుడు పెట్టుకోవాలి?

ఇది మన డెల్టాలో ప్రత్యేకంగా ఆలోచించాల్సిన విషయం. కోనసీమ లంక గ్రామాల వాళ్లు జులై నుంచి సెప్టెంబర్ దాకా వరద రోజులను తప్పించడం మేలు. పడవ కట్టేసిన రోజు రాత్రి కడుపునొప్పి వస్తే ఆస్పత్రికి చేరేదెలా? సంక్రాంతికి, ఇంట్లో పెళ్లికి ముందు వారాలు కూడా వద్దు.

విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లో సర్జరీ చేయించుకునేవాళ్లు డిశ్చార్జ్ కాగానే కారెక్కేయకుండా, కొన్నాళ్లు ఆస్పత్రికి దగ్గర్లో ఉండగలరేమో చూసుకోండి. ఎన్నాళ్లో సర్జన్‌ను అడగండి. కుట్ల దగ్గర లీక్ వంటి సమస్యలు ఎక్కువగా మొదటి వారాల్లోనే బయటపడతాయి. తిరుగు ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్యలో దిగి నడవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. ధాన్యం బస్తాలు, రొయ్యల మేత సంచులు మోసేవాళ్లు ఆ పని ఎవరికి అప్పగించాలో ముందే చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ప్రైవేటు ఆరోగ్య బీమాలో ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ఒకటుంది. డాక్టర్ సలహా ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. బీఎంఐ 35 నుంచి ఉంటే మాత్రం గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్-2 షుగరు వంటి జబ్బు ఉండి, ఇతర పద్ధతుల్లో బరువు తగ్గలేదని తేలాలి. అంటే డాక్టర్ సర్జరీకి సరేనన్నా బీమా కంపెనీ కాదనే అవకాశం ఉంది. అందుకే ముందే అనుమతి కాగితం తీసుకోండి. పాత డైట్ చీటీలు, షుగరు రిపోర్టులు పారేయొద్దు.

ఆపరేషన్ ఖర్చుతోనే లెక్క అయిపోదు. విటమిన్లు, ప్రొటీన్ పౌడర్, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఆ తర్వాత ఏటా రక్త పరీక్షలు.. ఇవన్నీ కలిపి చూసుకోవాలి. మాత్రలు ఆపేస్తే బీ12, ఐరన్, కాల్షియం లోపాలు వస్తాయి.

గోదావరి వంటింట్లో ఏం మారుతుంది?

మొదట నీళ్లలాంటి పదార్థాలు, తర్వాత మెత్తగా చేసినవి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి.. ఇదీ వరుస. పలచటి మజ్జిగ, పప్పుకట్టుతో మొదలుపెట్టి గుడ్డు, మెత్తగా ఉడికిన చేప దాకా మెల్లగా వెళ్లాలి. పులసలాంటి ముళ్లున్న చేపలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. కొర్రమీను నయం.

పళ్లెంలో లెక్క కూడా తిరగబడుతుంది. అన్నం ముందు కాదు, ప్రొటీన్ ముందు. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా చూడాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! అన్నం ముద్ద చిన్న పొట్టలో పట్టేసినట్టు ఉంటుంది కాబట్టి చివర్లో కొద్దిగానే.

ఇక ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా! బైపాస్ అయినవాళ్లు తీపి ఎక్కువ తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. దీన్ని డంపింగ్ అంటారు.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

ఆగని కడుపునొప్పి, జ్వరం, విశ్రాంతిలోనూ గుండె నిమిషానికి 120 సార్లకు పైగా కొట్టుకోవడం, ఆయాసం, ఎడమ భుజం నొప్పి, ఒక కాలు మాత్రమే వాచడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే సర్జన్‌కు ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లండి. అంబులెన్స్ కావాలంటే 108. రోజుల తరబడి వాంతులు అవుతుంటే కూడా చిన్న విషయం అనుకోవద్దు. బీ1 విటమిన్ పడిపోయి నరాలకు, మెదడుకు దెబ్బ తగలొచ్చు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల, ఇంజెక్షన్ తీసుకోవడం చాలామందికి అలవాటు. సర్జరీ తర్వాత, ముఖ్యంగా బైపాస్ అయితే ఇవి కడుపులో పుండ్లు తెస్తాయి. మీ సర్జరీ వివరాలు రాసిన కాగితం జేబులో, ఫొటో ఫోన్‌లో ఉంచుకుని ఎవరు వైద్యం చేసినా ముందు అది చూపించండి.

సర్జన్ దగ్గర "సరే" అని సంతకం పెట్టే ముందు ఇంట్లో అందరితో కలిసి ఒకసారి భోజనానికి కూర్చోండి. మీరు చిన్న గిన్నెలో తిని లేస్తామంటే ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటారా, మీరు ఉండగలరా చూసుకోండి. నెల రోజులు అలా నడిస్తే మీరు సిద్ధంగా ఉన్నట్టే. నడవకపోతే ఇంకొంచెం టైమ్ తీసుకోండి, తప్పేం లేదు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ ఆరోగ్య పరిస్థితిని బట్టి డాక్టర్ సలహా మేరకే నిర్ణయం తీసుకోండి.)