కోతులన్నీ ఒకటి కావు

ఒకే జాతి కోతుల్ని ఇరవైని తీసుకొని, అన్నిటికీ ఒకే వైరస్‌ను ఒకే మోతాదులో ఎక్కించారనుకోండి. అన్నీ ఒకేలా జబ్బు పడతాయా? పడవు. కొన్ని నెలల్లోనే క్షీణిస్తాయి, కొన్ని ఏళ్ళ తరబడి బాగానే ఉంటాయి. ఇందుకు ఒక ముఖ్య కారణం వాటి జన్యువుల్లో ఉంది.

మన శరీరంలోనూ, కోతి శరీరంలోనూ కణాలు తమలో తయారయ్యే ప్రోటీన్లలో కొన్నిటిని చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఒక రకం అణువులు ఆ ముక్కల్ని మోసుకొచ్చి కణం పైపొర మీద ఉంచుతాయి. ఈ అణువును ఒక చిన్న పళ్ళెం అనుకుందాం. టి-కణాలనే తెల్ల రక్తకణాలు కాపలావాళ్ళలా తిరుగుతూ పళ్ళేలను తడిమి చూస్తాయి. సొంత ప్రోటీన్ ముక్క అయితే వదిలేస్తాయి. వైరస్ ముక్క అయితే ఆ కణాన్ని చంపేస్తాయి.

ఈ పళ్ళేలను తయారుచేసే జన్యువుల సముదాయాన్ని ఎం.హెచ్.సి. అంటారు. పళ్ళెంలోని గుంట ఆకారం అందరిలో ఒకటి కాదు. ఒక గుంటలో ఇమిడే ముక్క మరొక దానిలో ఇమడదు. కాబట్టి ఒక కోతి టి-కణాలు పసిగట్టిన వైరస్ ముక్క, మరొక కోతి టి-కణాల కంట పడకపోవచ్చు.

ఉత్తర భారతంలో గుంపులుగా తిరిగే ఎర్రముఖం కోతినే చూడండి. దాని పేరు రీసస్, శాస్త్రీయ నామం మకాకా ములాటా. ఆ రెండు మాటల మొదటి అక్షరాలు కలిపి దీని ఎం.హెచ్.సి. జన్యువులకు 'మాము' అని పేరు పెట్టారు. మనుషుల్లో ఎయిడ్స్ కలిగించే హెచ్.ఐ.వి.కి బంధువైన ఎస్.ఐ.వి. ఈ కోతుల్లో అటువంటి వ్యాధినే కలిగిస్తుంది. అయితే భారత సంతతి కోతుల్లో మాము-బి-08 అనే రకం ఉన్నవాటిలో దాదాపు సగం ఈ వైరస్‌ను అదుపులో పెట్టగలవు.

మన దేశం 1978లో కోతుల ఎగుమతిని నిలిపివేసింది. అమెరికా పరిశోధనశాలలు అంతకుముందు తీసుకుపోయిన కోతుల సంతతిని పెంచుకున్నాయి, చైనా నుంచి కూడా రీసస్ కోతుల్ని తెప్పించుకున్నాయి. జాతి ఒకటే అయినా, ఈ రెండు దేశాల కోతుల్లో ఎం.హెచ్.సి. రకాలు చాలావరకు వేరు. చైనా కోతుల్లో ఎస్.ఐ.వి. వ్యాధి సాధారణంగా నెమ్మదిగా ముదురుతుంది.

ఇప్పుడు టీకా పరీక్ష సంగతి ఆలోచించండి. పది కోతులకు టీకా వేశారు, మరో పదింటికి వేయలేదు. టీకా వేసిన గుంపులోనే మాము-బి-08 ఉన్న కోతులు ఎక్కువగా చేరితే? అవి తమ జన్యువుల బలంతో తట్టుకుంటే, ఆ గొప్ప టీకాకు దక్కుతుంది! పనికిరాని టీకా మంచిదనిపించుకుంటుంది. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు ముందుగా కోతుల రక్తం పరీక్షించి, అటువంటి జన్యువులున్న వాటిని రెండు గుంపులకూ సమంగా పంచుతారు.

ఈ చిక్కు తక్కువగా ఉన్న చోటు మారిషస్ దీవి. సుమారు 400 ఏళ్ళ క్రితం ఓడల్లో వచ్చిన కొద్దిపాటి కోతుల సంతానమే నేడు ఆ దీవి అంతటా ఉంది. ఇవి రీసస్‌కు దగ్గరి బంధువులైన పొడవుతోక కోతులు. మూలపురుషులు కొద్దిమందే కాబట్టి వీటిలో ప్రధానంగా ఏడు ఎం.హెచ్.సి. సంపుటాలే కనిపిస్తాయి. ఒకేలాంటి పళ్ళేలున్న కోతుల్ని ఎంచుకోవడం ఇక్కడ తేలిక.

కానీ మనుషుల్లో ఈ జన్యువుల రకాలు వేలకొద్దీ ఉన్నాయి. ఏడు సంపుటాల కోతుల్లో పనిచేసిన టీకా మనందరిలోనూ పనిచేస్తుందని చెప్పలేం. ప్రయోగశాలలో చిక్కు తెచ్చే ఈ వైవిధ్యమే అడవిలో కోతులకు రక్ష. ఏదైనా కొత్త వైరస్ వస్తే, దాని ముక్కను పట్టగల పళ్ళెం మందలో ఏదో ఒక కోతికైనా ఉండే అవకాశం ఎక్కువ. అందుచేత టీకా ఫలితం గురించి విన్నప్పుడు, ఎన్ని కోతులు అని మాత్రమే కాదు, ఏ కోతులు అని కూడా అడగాలి.