స్కానింగ్ రిపోర్టులో తెల్లటి ఉంగరం

బడికి పోయే పిల్లవాడికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే ఆదిలాబాద్ రిమ్స్‌లోనైనా, కరీంనగర్‌లోనైనా తలకు స్కానింగ్ తీయిస్తారు. కవర్ విప్పితే 'రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్' అని ఉంటుంది. పక్కనే ప్రశ్నార్థకంతో 'ఎన్‌సీసీ, ట్యుబర్‌క్యులోమా'. మొదటిది మెదడులో బద్దెపురుగు పిల్ల చేరే జబ్బు (న్యూరోసిస్టిసర్కోసిస్), రెండోది టీబీ గడ్డ. ఫోన్‌లో వెతికితే ముందు కనిపించేది ట్యూమర్. ఇక ఆ ఇంట్లో నిద్ర ఉండదు.

ఆ ఉంగరం ఎలా పడుతుంది? సీటీ తీసేటప్పుడు నరంలోకి ఎక్కించే మందును ఆరోగ్యంగా ఉన్న మెదడు రక్తనాళాలు బయటికి వదలవు. వాపు ఉన్నచోట మాత్రం అది ఊరి, తెల్లగా మెరుస్తుంది. మన దేశంలో పిల్లల మెదడులో ఇలా కనిపించే ఒంటరి చిన్న మచ్చ చాలాసార్లు చచ్చిపోతున్న బద్దెపురుగు పిల్లదే. ఉంగరం మధ్యలో చుక్క ఉంటే అది పురుగు తల. ఇక పెద్దగా సందేహం అక్కర్లేదు.

"మేం పంది మాంసం ముట్టనే ముట్టం సారూ!" అంటారు తల్లిదండ్రులు. నిజమే కావచ్చు. మాంసంతో వచ్చేది పేగులో పెరిగే పురుగు. మెదడుకు చేరేది మాత్రం, ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్ల నుంచి. కడగని చేతులు, కలుషితమైన నీళ్లు, పచ్చి కూరగాయలు చాలు. శాకాహారులకూ మినహాయింపు లేదు.

ఒకప్పుడు ఇలాంటి మచ్చలను టీబీగా భావించి నెలల తరబడి మందులు వాడించేవారు. మచ్చ మాయమయ్యేది, పేరు మందుకు దక్కేది! వెల్లూరు సీఎంసీలో చాందీ, రాజశేఖర్ బృందం ఆపరేషన్‌తో తీసిన మచ్చలను పరీక్షిస్తే పురుగు పిల్లలు బయటపడ్డాయి. 1989లో 'లాన్సెట్' పత్రిక దీన్ని ప్రచురించింది. ఒకే మచ్చ, 20 మిల్లీమీటర్లు దాటకపోవడం, మెదడు ఒక పక్కకు నెట్టుకుపోకపోవడం, కాలూచేయీ బలహీనత ముదరకపోవడం: ఈ లక్షణాలుంటే కోత అక్కర్లేదని ఆ తర్వాత తేలింది. అలాగని టీబీని కొట్టిపారేయలేం. మచ్చ పెద్దదైనా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా డాక్టర్ ఆ వైపూ చూస్తారు.

బడుల్లో నులిపురుగుల దినం రోజు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రే దీనికీ మందు. అయితే మెడికల్ షాపులో కొని వేసేయకూడదు. మెదడులో పురుగులు ఒక్కసారిగా చస్తే వాపు పెరుగుతుంది. అందుకే బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, తోడుగా స్టెరాయిడ్ ఇస్తారు. మచ్చలు బోలెడు ఉండి మెదడంతా వాచి ఉంటే అసలు ఆ మాత్రే ఇవ్వరు.

కొన్ని నెలలకు మళ్లీ స్కానింగ్. మచ్చ కనబడకపోవచ్చు, సున్నపు చుక్కగానైనా మిగలవచ్చు. చుక్క మిగిలితే ఫిట్స్ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కనుక, మూర్ఛ మందు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. రెండో స్కానింగ్ రోజున మొదటి ఫిల్మ్ కూడా పట్టుకెళ్లాలి. మచ్చ తగ్గిందో లేదో తెలిసేది రెండింటినీ పక్కపక్కన పెట్టి మిల్లీమీటర్లలో కొలిస్తేనే.