పరుగులో నిదానం

పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దల సామెత. మొదటి సంవత్సరంలో చేరినప్పుడు నేను దీన్ని లెక్కచేయలేదు. తెల్లవారుజామున నయాపూల్ దగ్గర మొదలుపెట్టి పత్తర్‌గట్టి, గుల్జార్‌హౌజ్, చార్మినార్, శాలిబండ మీదుగా ఫలక్‌నుమా ఎత్తు దాకా రోజూ ఒకటే ఉరుకుడు. నిన్నటికంటె నేడు ఒక్క సెకండైనా తగ్గాలి! మూడు వారాలు నిజంగానే తగ్గింది. ఆ తరువాత పెరగసాగింది. ఐదో వారానికి మోకాలి కింద ముందెముక నొప్పి పట్టుకుంది. కళాశాల జట్టుకు ఎంపిక జరిగిన రోజున నేను మైదానం గట్టు మీద కూర్చుని మిత్రులకు చప్పట్లు కొట్టాను.

సెలవులకు ఊరికి పోతే నాయన నా నడక చూసి సంగతి అడిగాడు. అంతా విని, "ఎడ్లను దినాం పొద్దూకేదాక దున్నిస్తమా బిడ్డా? పొద్దుగాల కాడి కట్టి, ఎండెక్కంగనే ఇడుస్తం. లేకుంటే నాలుగొద్దులకు అవి కాడి కింద మెడ పెట్టవు" అన్నాడు.

సైన్సు విద్యార్థిని గదా, ఆ మాటకు కారణం పుస్తకాల్లో వెదికాను. మెల్లగా పరుగెత్తేటప్పుడు కండరాలు కొవ్వును, పిండిపదార్థాన్ని ప్రాణవాయువు సాయంతో మండించి శక్తిని పొందుతాయి. ఇది వారాల తరబడి సాగితే కండర కణాల్లో మైటోకాండ్రియాలు పెరుగుతాయి. వాటి చుట్టూ సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. వేగం బాగా పెంచితే కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ త్వరగా ఖర్చవుతుంది, రక్తంలో లాక్టేట్ పేరుకుంటుంది, రొప్పు వస్తుంది. ఈ కష్టం కూడా కావలసిందే. గుండె, ఊపిరి తమ పై హద్దు దాకా పనిచేయడం అప్పుడే అలవాటవుతుంది. కాని ఖర్చయిన గ్లైకోజెన్ తిరిగి నిండడానికి, కడుపునిండా తిన్నా, ఒక రోజు పట్టవచ్చు. కండర పోగుల్లో పడ్డ చిన్న చిరుగులు మానడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఒంటికి బలం వచ్చేది ఆ మానే వేళలోనే.

రోజూ ఉరికేవాని చిక్కు ఇక్కడే ఉంది. నిన్నటి అలసట తీరదు కాబట్టి ఈనాడు నిజమైన వేగం రాదు. అయినా మెల్లగా పోవడానికి మనసొప్పదు. దాంతో అన్ని రోజులూ ఒకే నడిమి వేగమైపోతాయి. చేను సరిగా దున్నినట్టూ కాదు, ఎడ్లు సేదదీరినట్టూ కాదు.

ఈ సంగతి ప్రపంచంలో ఎందరో గ్రహించారు. న్యూజిలాండ్‌కు చెందిన ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులకు ముందు వారానికి సుమారు 160 కిలోమీటర్ల దూరపు పరుగులతో పునాది వేసి, వేగపు అభ్యాసాన్ని ఆ తరువాతే పెట్టేవాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ ముఖ్యమైన పోటీ పరుగులు 800, 1500 మీటర్లే. అయినా ఆదివారం 35 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. అతడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండూ గెలిచాడు. తరువాతి కాలంలో నార్వేలో పనిచేసిన స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రజ్ఞుడు మేటి క్రీడాకారుల అభ్యాసాలను లెక్కగట్టి చూశాడు. పదింటిలో సుమారు ఎనిమిది తేలికవి, రెండు మాత్రమే కఠినమైనవని తేలింది.

మరి తేలిక అంటే ఎంత? దానికి యంత్రం అక్కర్లేదు. పక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అది తేలిక. రెండు మాటలకే ఊపిరి తెగితే వేగం తగ్గించవలసిందే.

మనలో చాలామంది పరుగెత్తేది పతకానికి కాదు, కానిస్టేబుల్ ఉద్యోగానికి. 2022 నాటి తెలంగాణ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో ముగించాలి. అంటే 400 మీటర్ల చుట్టుకు సుమారు 1 నిమిషం 49 సెకండ్లు. దీనికోసం రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి ఉరికేవాళ్ళను చూస్తున్నాను. అట్లా కాక, వారంలో ఐదు రోజులు పరుగెత్తేవారు నాలుగు రోజులు తేలికగా, అందులో ఒకనాడు కొంచెం ఎక్కువ దూరం పోవాలి. మిగిలిన ఒక్కరోజు, ఒళ్ళు వేడెక్కాక, చుట్టుకు 1 నిమిషం 40 సెకండ్ల చొప్పున ఐదారు చుట్లు, మధ్య మధ్య రెండు మూడు నిమిషాలు నడక. ఎముక మీద ఒకేచోట నొప్పి పుడితే మాత్రం పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి, నాలాగా ఓర్చుకోవద్దు.

మెల్లగా పరుగెత్తడానికి మొదట్లో సిగ్గేసింది. పత్తర్‌గట్టిలో సైకిలు మీద పాలు తెచ్చే ముసలాయన "క్యా మియా, థక్ గయే?" అని నవ్వేవాడు. నేనూ నవ్వి, ఆయనతో మాట్లాడుతూనే పరుగెత్తేవాణ్ణి. మాట్లాడగలుగుతున్నాను కాబట్టి వేగం సరిగ్గానే ఉందన్నమాట!

ఈ సంవత్సరం ఎంపికలో నాకు చోటు దొరికింది. మొదటివాణ్ణి కాలేదు, ఐదోవాణ్ణి. గట్టు మీద మాత్రం కూర్చోలేదు.