నగరాల మీద పుస్తకాలు: ఏది ముందు చదవాలి?



ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వారం తిరక్కుండానే అడిగే మాట ఒకటుంది: "నడిచి వెళ్ళి పాలు తెచ్చుకుందామంటే ఒక్క కొట్టూ లేదేమిట్రా?" కారు నడపడం రాని పెద్దవాళ్ళకి ఇది చిన్న ఇబ్బంది కాదు, ఆరు నెలల ఇంటి నిర్బంధం. దీనికి జవాబు చెప్పే పుస్తకాలు లైబ్రరీల్లో బోలెడున్నాయి. అన్నీ చదివే తీరిక మనకి ఉండదు కనుక, ఏది దేనికి పనికొస్తుందో చెబుతాను.

అందరూ ముందు చెప్పేది జేన్ జేకబ్స్ 1961లో రాసిన 'ద డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్'. ఆవిడ ప్లానింగ్ చదువుకున్న మనిషి కాదు, పత్రికా రచయిత్రి. ఇళ్ళూ కొట్లూ కలిసి ఉండాలి, బ్లాకులు పొట్టిగా ఉండాలి, పాత భవనాలు కొత్తవాటి పక్కన నిలవాలి, జనం ఒత్తుగా ఉండాలి, అప్పుడే వీధికి ప్రాణం అంటారు. అరుగు మీద కూర్చుని వీధిని కనిపెట్టుకునే తాతయ్యల్ని ఎరిగిన మనకి ఆవిడ వాదన ఇట్టే బోధపడుతుంది.

అయితే ఆవిడ రాసింది పెద్ద నగరాల గురించి. మనలో చాలామంది ఉండేది సబర్బుల్లో. వాటి కథ కావాలంటే కెన్నెత్ జాక్సన్ 'క్రాబ్‌గ్రాస్ ఫ్రాంటియర్' (1985) చదవాలి. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి అప్పులకి పూచీ పడటం, 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ హైవేలు రావడం జనాన్ని ఊరి బయటికి ఎలా నడిపించాయో అందులో ఉంది. ఆ అప్పులు నల్లవారికి ఎలా అందకుండా పోయాయో రిచర్డ్ రాత్‌స్టీన్ 'ద కలర్ ఆఫ్ లా' (2017) వివరంగా చెబుతుంది.

లూయిస్ మమ్‌ఫర్డ్ 'ద సిటీ ఇన్ హిస్టరీ' కూడా 1961దే. గొప్ప గ్రంథమే కానీ ప్రాచీన కాలం నుంచి మొదలవుతుంది. రిటైరయ్యాక చదువుకోవచ్చు!

నన్నడిగితే ముందు జాక్సన్, తర్వాత జేకబ్స్. రోగం ఎలా వచ్చిందో తెలిస్తేనే మందు సంగతి అర్థమవుతుంది. ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు మాత్రం జేకబ్స్ కాలిబాటల మీద రాసిన మూడు అధ్యాయాలైనా ముందే చదవండి. వాటిలో ఒకటి పిల్లల గురించే.

ఇంకొక్క మాట. ఇళ్ళ మధ్య కొట్టు ఉండకూడదన్నది ప్రకృతి ధర్మం కాదు, జోనింగ్ రూలు. ఊళ్ళకి ఆ అధికారం ఉందని సుప్రీం కోర్టు 1926లో ఒహాయో రాష్ట్రపు యూక్లిడ్ ఊరి కేసులో తేల్చింది. ఆ రూలు మార్చేదీ మన ఊరి కౌన్సిలే. పబ్లిక్ హియరింగ్ పెట్టినప్పుడు వెళ్ళి మాట్లాడండి. సెలవు.