కరవు సీమలో జలపుష్పం

బదరీనాథ యాత్రకు వెళ్ళేవారిలో కొందరు గోవింద్‌ఘాట్ వద్ద దారి మళ్ళి, కాలినడకన పుష్పలోయను కూడా చూసి వస్తారు. 2005లో ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తింపు పొందిన ఆ లోయ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ శోభను వర్ణించిన ఒక భక్తురాలు, "మన అనంతపురం కొండల్లో ఏముంది స్వామీ, రాళ్ళు తప్ప?" అన్నారు.

ఆమె నిట్టూర్పు అర్థం కానిది కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి సన్నగిల్లుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతోనే ఈ సీమ బ్రతకాలి. అయినా, భాద్రపద ఆశ్వయుజాలలో రెండు మంచి వానలు పడిన తరువాత ఒకసారి కదిరి ప్రాంతానికి రండి.

2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న కదిరికి ఖదిర వృక్షం, అనగా చండ్ర చెట్టు వలన ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. అభిషేకానంతరం ఇక్కడి నృసింహుని మూలమూర్తికి చెమట పోస్తుందని ప్రసిద్ధి. ఉత్సవమూర్తి నామం వసంతవల్లభుడు. ఎండలు మండే నేలపై స్వామికి ఎంత చల్లని పేరు! దర్శనం చేసుకొని తలుపుల మండలంలోని బట్రేపల్లి జలపాతం వైపు సాగండి. వేసవిలో ఎండిన బండగా కనిపించిన చోటనే నీరు దూకుతూ ఉంటుంది. కొండవాలులో తంగేడు పచ్చగా పూస్తుంది. అడుగు దగ్గర తెల్లని తుమ్మి, గడ్డిలో దాగిన నీలి విష్ణుక్రాంతం. వినాయకచవితి నాడు పత్రిగా కొని తెచ్చుకొనే ఆ విష్ణుక్రాంతాన్ని దాని స్వస్థానంలో ఎందరు చూశారు? పొదలపైకి ప్రాకి నిప్పురంగులో పూచే నాభిని మాత్రం చూసి ఊరుకోండి. దాని దుంప విషం.

ఆలయాలలో నిత్యం వినే మంత్రపుష్పం తైత్తిరీయారణ్యకంలోనిది. జలపుష్పాన్ని ఎరిగినవాడు పుష్పవంతుడు, ప్రజావంతుడు, పశుమంతుడు అవుతాడని అది చెబుతుంది. చంద్రుడే ఆ జలపుష్పమట. మేఘానికి నీరు, నీటికి మేఘం పరస్పరం నెలవులని కూడా అందులోనే ఉన్నది. హారతి కోసం తొందరపడుతూ ఆ మంత్రాన్ని చెవిదాటనిచ్చే మనకు కరవు నేలపై దాని అర్థం స్ఫురించాలి. పూలకంటె, సంతానంకంటె, పశువులకంటె ముందు నీరు.

కాని ఎండాకాలం రాగానే ఈ కొండలలో ఎవరో ఒకరు గడ్డికి నిప్పు పెడతారు. కొత్త గడ్డి మొలుస్తుందని కొందరు, ఆర్పని బీడీ ముక్కతో మరికొందరు. గడ్డివేళ్ళు వాననీటిని నిలిపి రాతి నెరెలలోకి దించుతాయి. వాన వెలిసిన తరువాత కూడా ఊట సాగడానికి అది ఒక కారణం. కాలిన వాలుపై పడిన వాన మట్టితో సహా కొట్టుకుపోతుంది. మనం హోమం చేసేటప్పుడు అగ్నికి పరిధులు అమర్చి, నీటితో పరిషేచనం చేసిన తరువాతనే ఆహుతి వేస్తాం. అంత కట్టుదిట్టం చేసే సంప్రదాయంలో పుట్టినవారు కొండపై అగ్గిపుల్ల గీసి వదలి రావడం నాకు అపచారంగానే తోస్తుంది. వనభోజనానికి వెళ్ళి పొయ్యి వెలిగించేవారికి కూడా ఇదే మాట.

వాన కురుస్తుండగా వెళ్ళకండి. ఒకటి రెండు రోజులు ఆగి, ఉదయమే బయలుదేరండి. పాచి పట్టిన బండలపై పిల్లల చేయి వదలవద్దు. ధార క్రింద మడుగు లోతు పైనుండి తెలియదు కనుక, స్నానసంకల్పం ఉన్నవారు ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకుంటే చాలు.