జాబితా నుండి జాతి సంహారం వరకు

ఒక జాతిని సమూలంగా నాశనం చేయడం ఒక్క రాత్రిలో జరిగే పని కాదు. ముందు ఆ జాతి అంటే ఎవరో చట్టం నిర్వచిస్తుంది. ఆ నిర్వచనం ప్రకారం జాబితా తయారవుతుంది. జాబితాలోని వారికి పౌరసత్వం పోతుంది, ఆస్తి పోతుంది. సంహారం ఆఖరి మెట్టు మాత్రమే. 1933-1945 మధ్య జర్మనీ ప్రభుత్వం యూదులపై సాగించిన దౌర్జన్యం ఈ క్రమంలోనే నడిచింది. ఇందులోని తొలి మెట్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రజలకు కూడా కొత్తవి కావు.

రంగం వెళ్ళినవారు

పూండి, పలాస, టెక్కలి ప్రాంతాల నుండి ఒకప్పుడు ఎందరో జీవనోపాధికై బర్మా వెళ్ళేవారు. బారువా, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కి రంగూన్ చేరేవారు. ఆ నగరాన్ని ఇక్కడివారు "రంగం" అనేవారు. రంగూన్ రేవులో సరుకులు మోసే కూలీలలో తెలుగువారే అధికం. 1930 మే నెలలో రేవు సమ్మె ముగిసింది. సమ్మెకాలంలో పనికి కుదిరిన బర్మీయులను తొలగించి, తెలుగు కూలీలను తిరిగి తీసుకోవడంతో అల్లర్లు చెలరేగాయి. నూరుమందికి పైగా మరణించారు. 1938 జులైలో చెలరేగిన అల్లర్లకు ముఖ్యంగా ముస్లింలు గురయ్యారు.

ఇవి గుంపులు చేసిన పనులు. 1962లో సైన్యాధిపతి నెవిన్ అధికారం చేజిక్కించుకున్న తర్వాత ప్రభుత్వమే రంగంలోకి దిగింది. దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్‌ల నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాతి కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. వారు ఆస్తులు పోగొట్టుకున్నారు గాని ప్రాణాలతో తిరిగివచ్చారు. తమను స్వీకరించే దేశం ఒకటి ఉండడమే అందుకు ముఖ్య కారణం. యూదులకు ఆ అవకాశం లేకపోయింది.

జర్మనీలో జరిగినది

1933 జనవరి 30న హిట్లర్ ప్రధానమంత్రి అయ్యే నాటికి జర్మనీలో యూదులు సుమారు ఐదు లక్షలు. జనాభాలో నూటికి ఒకరు కూడా కారు. అదే సంవత్సరం ఏప్రిల్ 7న వెలువడిన చట్టంతో వారిని ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించడం మొదలైంది. 1935 సెప్టెంబరు నాటి న్యూరెంబర్గ్ చట్టాలు వారిని పౌరులుగా గాక కేవలం ప్రజలుగా మార్చాయి. వారికీ ఇతరులకూ మధ్య వివాహాలను నిషేధించాయి. ఆ నవంబరులో వచ్చిన ఉత్తర్వు యూదుడెవరో నిర్వచించింది. తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలలో ముగ్గురు యూదులైతే ఆ వ్యక్తి యూదుడే. అతని నమ్మకం ఏమిటి, నడవడి ఎలాంటిది అన్న ప్రశ్నే లేదు.

1938 ఏప్రిల్‌లో 5,000 మార్కులకు మించిన ఆస్తులను నమోదు చేయించుకోవాలన్నారు. అక్టోబరులో వారి పాస్‌పోర్టులపై ప్రత్యేక ముద్ర వేశారు. నవంబరు 9, 10 తేదీల్లో దేశమంతటా సినగాగులను తగులబెట్టి, సుమారు 30,000 మంది పురుషులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. పైగా జరిగిన నష్టానికి యూదులనే బాధ్యులను చేసి, వందకోట్ల మార్కుల జరిమానా విధించారు.

అంతకు నాలుగు నెలల ముందు, జులైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై శరణార్థుల సమస్యను చర్చించాయి. దాదాపు అన్ని దేశాలూ సానుభూతి తెలిపి ఊరుకున్నాయి. తలుపులు తెరుచుకోలేదు.

1941 జూన్‌లో సోవియట్ యూనియన్‌పై దండయాత్రతో సామూహిక కాల్పులు ప్రారంభమయ్యాయి. సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ సమీపంలోని బాబియార్ లోయలో 33,771 మందిని చంపినట్లు హంతకదళమే నివేదిక పంపింది. నవంబరులో మరో ఉత్తర్వు వచ్చింది: విదేశంలో నివసించే యూదుని పౌరసత్వం రద్దు, ఆస్తి ప్రభుత్వానిది. ఆ "విదేశానికి" వారిని బలవంతంగా రైళ్ళలో తీసుకుపోయింది ఆ ప్రభుత్వమే. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్‌సీలో పదిహేనుమంది అధికారులు సమావేశమయ్యారు. దేశాలవారీగా వారి ముందున్న పట్టికలో ఒక కోటి పది లక్షల మంది యూదుల లెక్క ఉంది. 1945 నాటికి వారిలో సుమారు అరవై లక్షల మంది సంహరింపబడ్డారు.

జాబితా ఇవ్వని దేశం

ఆ పట్టికలో అల్బేనియా పేరు కూడా ఉంది: 200 మంది. ముస్లింలు అధిక సంఖ్యాకులైన ఈ చిన్న దేశాన్ని 1943 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఆక్రమించింది. యూదుల జాబితాలు అడిగితే అక్కడివారు ఇవ్వలేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు యూదులను తమ ఇళ్ళలో దాచాయి. యుద్ధానంతరం అల్బేనియాలో యూదుల సంఖ్య యుద్ధానికి ముందుకంటే ఎక్కువగా ఉంది. జాబితా అందనిచోట సంహారయంత్రం ఎలా కుంటుపడుతుందో ఇది తెలుపుతుంది.

మళ్ళీ బర్మాలో

1982లో బర్మా కొత్త పౌరసత్వ చట్టం చేసింది. 1823కు ముందే దేశంలో స్థిరపడినట్లు ప్రభుత్వం గుర్తించిన జాతులకే పూర్తి పౌరసత్వం. అరకాన్‌లోని రోహింగ్యా ముస్లింల పేరు ఆ జాతులలో లేదు. 2012 హింసాకాండ తర్వాత లక్షకు పైగా జనం శిబిరాల పాలయ్యారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం గ్రామాలను తగులబెట్టగా ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ చేరారు. జాతి సంహార నిరోధక ఒప్పందం (1948) క్రింద గాంబియా 2019లో అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేసింది. రోహింగ్యాలకు రక్షణ కల్పించాలని న్యాయస్థానం 2020 జనవరి 23న మధ్యంతర ఆదేశాలిచ్చింది.

ముస్లింల బాధ్యత

పాలస్తీనా ప్రజలకు జరిగిన, జరుగుతున్న అన్యాయంపై ఆగ్రహంతో, ఐరోపా యూదుల సంహారం కట్టుకథ అనేవారు మన సమాజంలోనూ కొందరున్నారు. ఇది అసత్యం. దీనికి సాక్ష్యం జర్మన్ ప్రభుత్వపు స్వంత కాగితాలే. వాన్‌సీ సమావేశ నివేదిక ప్రతి 1947లో వారి విదేశాంగశాఖ దస్త్రాలలోనే దొరికింది. ఒక అన్యాయాన్ని ఖండించడానికి మరొక అన్యాయాన్ని కాదనవలసిన అవసరం లేదు. ఒక జాతిపై కోపం న్యాయం తప్పడానికి కారణం కారాదన్నది సూరా అల్ మాయిదా ఎనిమిదవ ఆయత్ బోధ.

సూరా అన్నిసా 105-113 ఆయత్‌ల అవతరణ సందర్భాన్ని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. మదీనాలో బనూ జఫర్ తెగకు చెందిన ఒకడు కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదునిపై నెట్టాడు. తెగవారంతా తమవాని పక్షాన నిలిచారు. ఆ ఆయత్‌లు యూదుని నిర్దోషిత్వాన్ని వెల్లడించి, తమవాడన్న కారణంతో ద్రోహిని వెనకేసుకు వచ్చినవారిని మందలించాయి. అక్కడ తీర్పు చేసిన పనినిబట్టి వచ్చింది. న్యూరెంబర్గ్‌లో తాతల పుట్టుకనుబట్టి వచ్చింది.

కనుక ఏ దేశంలోనైనా, ఏ జాతి విషయంలోనైనా, పుట్టుకనుబట్టి మనుషులను వేరుచేసే చట్టం వచ్చిన నాడే దానిని వ్యతిరేకించడం విశ్వాసుల విధి. రైళ్ళు కదిలేవరకు ఆగితే ఆలస్యమవుతుంది.