తాటిచెట్టు ఎక్కే రైతులు సేఫ్టీ హార్నెస్‌ను ఒంటికి సరిగ్గా అమర్చుకోవడం ఎలా?

పొలం గట్ల మీద తాటి, ఈత చెట్లున్న చిన్న రైతుల్లో చాలామంది సేద్యంతో పాటు కల్లుగీత కూడా చేస్తుంటారు. తెలంగాణలో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో మొదలైంది. కిట్టు అందినవారు కొందరైతే, బజారులో సొంతంగా హార్నెస్ కొనుక్కున్నవారు కొందరు. ఊళ్ళకు వెళ్ళినప్పుడు నేను ఎక్కువగా చూసేది ఒకటే: హార్నెస్ ఒంటి మీద ఉంటుంది, పట్టీలు మాత్రం వదులుగా వేలాడుతుంటాయి. ఎక్కడానికి అడ్డం వస్తున్నాయని తొడ పట్టీలు అసలు పెట్టుకోనివారూ ఉన్నారు. అలా వేసుకున్నది జారినప్పుడు మనిషిని ఆపలేదు. ఒళ్ళు పట్టీల్లోంచి కిందికి జారిపోతుంది, లేదంటే ఛాతీ పట్టీ పైకి వచ్చి మెడకు పడుతుంది.

మోకు, గుజి, ముస్తాదు తాతల నాటి నుంచి వస్తున్నవి. వాటిని వదిలేయమని ఎవరూ చెప్పడం లేదు. కానీ మోకు ఎక్కడానికి సాయం చేసేదే తప్ప పడేటప్పుడు ఆపేది కాదు. నడుముకు మాత్రమే కట్టిన తాడు మీద ఒక్కసారిగా బరువు పడితే ఆ దెబ్బంతా పొట్ట మీద, వెన్నుపూస మీద పడుతుంది. మనిషి తలకిందులయ్యే ప్రమాదమూ ఉంది. ఒంటికంతటికీ పట్టే హార్నెస్‌లో ఆ భారం తొడలు, తుంటి, ఛాతీ, భుజాలు పంచుకుంటాయి. అందులోనూ ఎక్కువ మోసేవి తొడ పట్టీలే.

ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి, “సార్, పడగానే గాలి నిండే జాకెట్ ఉందట, అది తెచ్చుకుంటే సరిపోదా?” అని అడుగుతున్నారు. అది గుర్రపు స్వారీ చేసేవారి కోసం తయారైంది. జాకెట్ తాడు ఒక కొస జీనుకు తగిలించి ఉంటుంది. మనిషి కింద పడేటప్పుడు తాడు లాగుకుని, చిన్న గ్యాస్ సిలిండర్ తెరుచుకుని జాకెట్ ఉబ్బుతుంది. గుర్రం ఎత్తు నుంచి పడే దెబ్బకు చేసిన వస్తువు అది. నలభై యాభై అడుగుల తాటి మీద నుంచి పడితే దాన్ని నమ్ముకోకూడదు. అయితే ఆ జాకెట్‌కైనా, మన హార్నెస్‌కైనా ఒంటికి సరిపోకపోతే పనికిరాదన్న మాట ఒక్కటే.

కొనేటప్పుడు లేబుల్ చూడండి. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 3521 అనే అంకె, తయారైన నెల, సంవత్సరం, ఎంత బరువుకు పనికొస్తుందో దాని మీద ఉండాలి. చాలా రకాలు 100 కిలోల వరకే. ఈ లెక్కలో మీ బరువుతో పాటు ముస్తాదు, కత్తులు, నిండు లొట్టి కూడా కలుపుకోవాలి. ఐదు లీటర్ల కల్లుతో దిగుతున్నారంటే ఐదు కిలోలకు పైనే అదనం. ఎవరో వాడి అమ్మేసిన హార్నెస్ సగం ధరకు వచ్చినా తీసుకోవద్దు. అది అంతకుముందు ఎవరినైనా పడకుండా ఆపిందో లేదో మీకు తెలిసే దారి లేదు.

అమర్చుకునే పద్ధతి

వీపు మీద వచ్చే రింగును చేత్తో పట్టుకుని హార్నెస్‌ను పైకెత్తి దులపండి. పట్టీలు మెలి పడకుండా కిందికి వేలాడాలి. చొక్కా తొడుక్కున్నట్టు భుజాలకు వేసుకోండి. వెనుక రింగు రెండు రెక్కల ఎముకల మధ్య ఉండాలి. మెడ దగ్గరికి వచ్చినా, నడుము దాకా జారినా భుజం పట్టీలు మళ్ళీ సర్దుకోవాలి. ఛాతీ పట్టీ రొమ్ము మధ్యన, చంకల ఎత్తులో ఉంటే మంచిది.

తర్వాత తొడ పట్టీలు. కాళ్ళ మధ్య నుంచి తెచ్చి, గజ్జలకు దగ్గరగా బిగించాలి. పట్టీకి, తొడకు మధ్య అరచేయి చాపి పెడితే దూరాలి, పిడికిలి పెడితే దూరకూడదు. బిగించాక బకిల్ బయట నాలుగు వేళ్ళంత పట్టీ మిగలాలి. అంత మిగలకపోతే ఆ సైజు మీకు చిన్నది. అన్ని పట్టీలూ చివరంటా లాగినా వదులుగానే ఉంటే మీకు పెద్దది, మార్చుకోండి. సన్నటి తండ్రి, లావుపాటి కొడుకు ఒకే హార్నెస్ వాడుకునే ఇళ్ళున్నాయి. వారు ఎవరి కొలత దగ్గర వారు రంగు దారం కట్టుకుని గుర్తు పెట్టుకోవాలి.

లుంగీ, పంచె మీద తొడ పట్టీలు కుదురుగా నిలవవు. ముడి పట్టీ కింద పడితే ఒత్తుకుంటుంది కూడా. గట్టి నిక్కరు వేసుకుని, అదే బట్టల మీద కొలత సరిచూసుకోండి. ఫోను, తాళాలు, అగ్గిపెట్టె పట్టీ కింద ఉండకూడదు.

కింద నిలబడి బాగుందనుకుని వెంటనే ఎక్కేయవద్దు. చేతులు పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, ముందుకు వంగండి. ఆ తర్వాత ఒక మనిషిని పక్కన పెట్టుకుని, చెట్టుకు తాడు బిగించి, కాళ్ళు నేలకు జానెడు ఎత్తులో ఉండేలా ఒక నిమిషం వేలాడి చూడండి. గజ్జల్లో నొప్పి పుట్టినా, పట్టీ మెడకు తగిలినా దిగి మళ్ళీ సర్దుకోవాలి. ఇంటి ముందు వేపచెట్టుకైనా ఈ పరీక్ష చేయవచ్చు.

నడుముకు రెండు పక్కలా రింగులుంటే అవి ఆనుకుని పని చేసుకోవడానికి మాత్రమే. పడకుండా ఆపే తాడు వాటికి తగిలించకూడదు. తాడును కమ్మకో మట్టకో కాక మొద్దుకే, నడుము కంటే పైన ఉండేలా చూసుకోండి. పైకి పోయేకొద్దీ మొద్దు సన్నబడుతుంది కాబట్టి తాడు కూడా బిగించుకుంటూ పోవాలి.

హార్నెస్‌కు పెద్ద శత్రువు మన గీతకత్తే. అంత పదునైన కత్తి బరువు మోస్తున్న నైలాన్ పట్టీకి తగిలితే క్షణంలో తెగుతుంది. కత్తిని ఒరలోనే ఉంచి, తాడు లేని వైపు పెట్టుకోండి. తాటిమట్ట అంచులకు రంపపు పళ్ళుంటాయి, ఈత మట్టలకు ముళ్ళుంటాయి. ఇవి రోజూ కొంచెం కొంచెం పట్టీని కోస్తాయి. అందుకే ఎక్కేముందు ప్రతిసారీ పట్టీ అంతా వేళ్ళతో తడిమి చూడాలి. పోగులు లేచినా, కుట్టు ఊడినా వాడకూడదు.

తడిస్తే నీడలో ఆరబెట్టండి. ఎండలో, పొయ్యి పైన వేలాడదీయవద్దు. యూరియా బస్తాలు, పురుగుమందులు, బ్యాటరీ ఉన్న కొట్టంలో అసలు ఉంచవద్దు. రసాయనాలు తగిలి బలం తగ్గిన పట్టీ పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది.

ఒంటరిగా చెట్టు ఎక్కవద్దు. హార్నెస్ ఆపినా, కదలకుండా వేలాడుతున్న మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. తెలివి ఉన్నంతసేపు గుజిలోనో తాడు మడతలోనో పాదాలు పెట్టి, కాళ్ళ మీద బరువు వేస్తూ, కదుపుతూ ఉండాలి. కింద ఉన్నవారు 108కి ఫోను చేస్తూనే, హార్నెస్ ఉన్న ఇంకొకరిని ఎక్కించి దించే ప్రయత్నం చేయాలి.

ఒక్కసారి మనిషిని పడకుండా ఆపిన హార్నెస్, చూడటానికి ఎంత బాగున్నా మళ్ళీ వాడకూడదు. ఇంకొకరు తీసుకుని ఎక్కకుండా పట్టీలు కోసి పడేయండి.